ఎం.ఏ. రాజనీతిశాస్త్రం ఎక్కడ చదవాలి? చేరే ముందు ఒక్కసారి విభాగానికి వెళ్లి చూడండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం సబ్జెక్టులుగా తెలుగు మాధ్యమంలో బీఏ పూర్తి చేశాను. పీజీ ప్రవేశాల ఉమ్మడి పరీక్ష సీపీగెట్ రాశాను. వచ్చిన ర్యాంకును బట్టి కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలో ఎం.ఏ. రాజనీతిశాస్త్రం సీటు రావచ్చని అంటున్నారు. మా మేనమామ ఉస్మానియాకే వెళ్లమంటున్నాడు. అన్నయ్య మాత్రం పీజీ మానేసి గ్రూప్-2 కోచింగ్‌లో చేరమంటున్నాడు. క్యాంపస్‌లో రాజకీయాలు ఎక్కువని, ఆడపిల్ల హాస్టల్‌లో ఎట్లా ఉంటుందోనని నాన్నకు భయం. ఒక కోర్సు మంచిదో కాదో అందులో చేరకముందే తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం: అమ్మా, మీ ఇంట్లో వాళ్లంతా మీ మేలు కోరే మాట్లాడుతున్నారు. అయితే ఒకరు విశ్వవిద్యాలయం పేరు గురించి, ఒకరు ఉద్యోగం గురించి, ఒకరు హాస్టల్ గురించి చెబుతున్నారే తప్ప, మీరు రెండేళ్లపాటు రోజూ కూర్చోవలసిన తరగతి గదిలో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఉస్మానియా 1918లో మొదలైంది. కాకతీయ 1976లో ఏర్పడింది, అంతకు ముందు వరంగల్‌లో ఉన్నది ఉస్మానియా వారి పీజీ కేంద్రమే. ఈ వయసుల తేడా, ఆ పేర్లకున్న గౌరవం నిజమైనవే అయినా, ఈ సంవత్సరం ఈ విభాగంలో ఎంతమంది అధ్యాపకులు క్రమం తప్పకుండా తరగతికి వస్తున్నారో, వచ్చినవాళ్లు ఏం చదివిస్తున్నారో వాటిని బట్టి తెలియదు. తెలుసుకోవాలంటే వెళ్లి చూడాలి. నర్సంపేట నుంచి కాకతీయ క్యాంపస్ ఉన్న హన్మకొండకు బస్సులో పొద్దున బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు కాబట్టి, సీటు ఖాయం చేసుకునే ముందు ఆ ఒక్క రోజు తప్పకుండా కేటాయించండి.

వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల పరిశీలన రోజున కాకుండా, సీనియర్లకు తరగతులు జరుగుతున్న మామూలు పనిరోజున వెళ్లండి. విభాగం నోటీసు బోర్డు మీద టైంటేబుల్ ఉంటుంది. దానిని ఫోన్‌లో ఫొటో తీసుకుని, బయట చెట్టు కింద కూర్చున్న సీనియర్లకు చూపించి, నిన్న ఇందులో ఎన్ని తరగతులు జరిగాయని అడగండి. తరగతులు బాగా జరుగుతాయా అని అడిగితే మర్యాదకు బాగానే జరుగుతాయంటారు. నిన్న ఎన్ని జరిగాయంటే మాత్రం నిజమే చెబుతారు. పాఠం చెప్పేవాళ్లలో రెగ్యులర్ ప్రొఫెసర్లు ఎంతమంది, కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులు ఎంతమంది అన్నది కూడా కనుక్కోండి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీలు చాలాకాలంగా నిండలేదన్నది అందరికీ తెలిసిన విషయమే. కాంట్రాక్టు అధ్యాపకుల పాఠం తక్కువదని నేను అనడం లేదు, వారిలో ఎందరో ఎంతో శ్రద్ధగా చెబుతారు. అయితే వాళ్ల మీద ఎన్ని పేపర్ల భారం పడుతోంది, నాలుగో సెమిస్టర్‌లో మీ ప్రాజెక్టును కూర్చోబెట్టి సరిదిద్దే తీరిక ఎవరికి ఉంటుంది అన్నది మీకు ముందే తెలిసి ఉండాలి.

ఆ తర్వాత చేయవలసిన పని అన్నింటికంటే ముఖ్యమైనదని నా నమ్మకం. ఒక సీనియర్‌ను బతిమాలి అయినా సరే, తాము రాసి ఇచ్చిన అసైన్‌మెంట్ ఒకటి తెచ్చి చూపించమనండి. దాని మీద మార్కులు మాత్రమే ఉన్నాయా, లేక అధ్యాపకుడు పక్కన ఏమైనా రాశాడా? “ఈ వాదనకు ఆధారం ఏది”, “ఇక్కడ హాబ్స్ చెప్పింది ఇది కాదు, మళ్లీ చదువు” అని రెండు వాక్యాలైనా కనిపిస్తే, ఆ విభాగంలో ఎవరో ఒకరు విద్యార్థి రాసినదాన్ని నిజంగా చదువుతున్నారని అర్థం. పేజీల కొద్దీ జవాబు రాసినా ఎర్ర సిరాతో ఒక అంకె, ఒక సంతకం తప్ప మరేమీ లేకపోతే, ఇంకో రెండు అసైన్‌మెంట్లు చూసి ఒక నిర్ణయానికి రండి. రాజనీతిశాస్త్రంలో పీజీ అంటే ప్లేటో నుంచి అంబేద్కర్ వరకు పేర్లు గుర్తుపెట్టుకోవడం కాదు. ఒక వాదనను విప్పి చూడడం, దానికి ఎదురు వాదన నిలబెట్టడం, రెండింటినీ తూచి సొంత మాటల్లో రాయడం అందులో నేర్వవలసిన పని. ఎవరో ఒకరు మన రాతను సరిదిద్దకుండా ఆ పని రాదు.

అట్లాగే వాళ్లు ఏం చదివారో అడగండి. ఉదాహరణకు, 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ చేసిన ప్రసంగాన్ని తీసుకోండి. రాజకీయ లక్ష్యాల కోసం రాజ్యాంగ మార్గాలను విడిచిపెట్టవద్దని, రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారి తీస్తుందని, సాంఘిక ప్రజాస్వామ్యం లేకుండా రాజకీయ ప్రజాస్వామ్యం నిలవదని ఆయన అందులో హెచ్చరించాడు. రాజ్యాంగం అమలులోకి వచ్చే రోజుతో మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నామని అన్నది కూడా ఆ ప్రసంగంలోనే. ఎం.ఏ. రెండో సంవత్సరం విద్యార్థి ఆ ప్రసంగాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాడా, లేక గైడ్‌లో ఉన్న నాలుగు పాయింట్లే చదివాడా అన్నది రెండు నిమిషాల సంభాషణలో తెలిసిపోతుంది. ఒకరిద్దరు చదవకపోతే అది వాళ్ల తప్పు కావచ్చు. అడిగినవాళ్లెవరూ చదవలేదంటే, మూలాన్ని చేతికిచ్చి చదవమనే అలవాటు ఆ విభాగంలో లేదన్నమాట.

పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ సెంటర్‌లో దొరుకుతాయి. నాలుగైదు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టి చూడండి. అవే పది ప్రశ్నలు వంతులవారీగా తిరుగుతుంటే, తరగతి కూడా ఆ పదింటి చుట్టే తిరుగుతుంది. ఉన్న సిద్ధాంతాన్ని కొత్త పరిస్థితికి అన్వయించమనే ప్రశ్నలు అప్పుడప్పుడైనా కనిపిస్తే మంచి సూచన. సిలబస్ కాగితం చూసి మాత్రం మోసపోకండి, పాశ్చాత్య రాజకీయ చింతన, భారత ప్రభుత్వం, తులనాత్మక రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు, పాలనాశాస్త్రం, పరిశోధన పద్ధతులు ఇంచుమించు అన్ని చోట్లా ఉంటాయి.

ఇక మన ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌కు పోతేనే రాజకీయాలు అర్థమవుతాయన్న అభిప్రాయం మీ మేనమామ గారిలోనే కాదు, చాలామందిలో ఉంది. మీ ఊరి పంచాయతీనే చూడండి. 2019 జనవరిలో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1తో ముగిసింది. పదవీకాలం ముగిసేలోపే ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలోని 243-ఇ అధికరణ చెబుతున్నా, ఆ తర్వాత ఏడాదికి పైగా పంచాయతీలు ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారుల చేతుల్లోనే నడిచాయి. ఆ కాలంలో వీధి దీపాల బిల్లు ఎవరు కట్టారు, గ్రామసభ ఎన్నిసార్లు కూర్చుంది, ఊరివాళ్లు తమ గోడు ఎవరికి చెప్పుకున్నారు? ఇవి పుస్తకంలో దొరకవు, మీ మండలంలో నాలుగు ఊళ్లు తిరిగితే దొరుకుతాయి. ములుగు వైపు వెళ్తే గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టం ఏజెన్సీ గ్రామసభలో ఎంతవరకు అమలవుతోందో కళ్లతో చూడవచ్చు. మంగపేట మండలంలోని గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వస్తాయా రావా అన్న వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది, ఆ వివాదం వల్ల అక్కడ పంచాయతీ ఎన్నికలే నిలిచిపోయాయి, 2023లో హైకోర్టు అవి షెడ్యూల్డ్ గ్రామాలేనని తీర్పు చెప్పింది. భూమి, తెగ, చట్టం, ఓటు నాలుగూ ఒకే మండలంలో ముడిపడిన ఇట్లాంటి సమస్య మీద ఒక ప్రాజెక్టు చేసిన విద్యార్థికి, షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్ జీవితాంతం గుర్తుంటుంది. భూపాలపల్లి, గోదావరిఖని వైపు సింగరేణి బొగ్గు గనుల్లో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని, అంటే యాజమాన్యంతో తమ తరఫున మాట్లాడే సంఘాన్ని, కార్మికులు రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. ఆ ఎన్నికల్లో పార్టీలు ఎట్లా దిగుతాయో గమనించినా ఒక పేపర్‌కు సరిపడా విషయం దొరుకుతుంది.

అందుకని విభాగానికి వెళ్లినప్పుడు, కిందటి సంవత్సరం విద్యార్థులు చేసిన ప్రాజెక్టుల శీర్షికలు చూపించమని ఆఫీసులో అడగండి. వరంగల్, ములుగు, కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్ల పేర్లు అందులో కనిపిస్తే, ఆ విభాగం తన చుట్టూ ఉన్న లోకాన్ని చదువులోకి తెస్తోందని నమ్మవచ్చు. “భారత ఎన్నికల సంఘం పాత్ర – ఒక పరిశీలన” వంటి శీర్షికలే వరుసగా ఉంటే, చాలావరకు జిరాక్స్ సెంటర్‌లో తయారైనవని అనుమానించడంలో తప్పు లేదు. కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన ప్రొఫెసర్ జయశంకర్ అర్థశాస్త్ర అధ్యాపకుడు. నీళ్లు, నిధులు, నియామకాల లెక్కలను ఊరూరా మామూలు మనుషులకు అర్థమయ్యేట్టు చెప్పగలగడం వల్లే ఆయన మాటకు అంత బలం వచ్చింది. చుట్టూ ఉన్న లోకం నుంచి నేర్చుకుని, ఆ లోకానికే తిరిగి చెప్పే చదువు ఈ నేల మీద ఇంతకు ముందే ఉందని మీకు గుర్తు చేయడానికే ఈ మాట అంటున్నాను.

హైదరాబాద్‌కు ఉన్న అనుకూలతలు కూడా ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. ఉస్మానియాలో గ్రంథాలయం పెద్దది, తార్నాకలో పాత ప్రభుత్వ పత్రాలు భద్రపరిచే రాష్ట్ర ఆర్కైవ్స్ పక్కనే ఉంది, సదస్సులు ఎక్కువ, భిన్న ప్రాంతాల విద్యార్థులు కలుస్తారు. అక్కడ గది అద్దె, రాకపోకల ఖర్చు ఎక్కువ, హాస్టల్ దొరికేదాకా మీ నాన్నగారి మీద పడే భారాన్ని ముందే లెక్క వేసుకోండి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం కేంద్ర ప్రభుత్వానిది. దానిలో ప్రవేశం సీపీగెట్ ద్వారా కాదు, జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ ద్వారా ఉంటుంది. ఆ పరీక్షకు సాధారణంగా డిసెంబర్, జనవరి నెలల్లోనే దరఖాస్తు చేయాలి, బీఏ చివరి సంవత్సరంలో ఉండగానే రాయవచ్చు. మీరు ఈ ఏడు రాయలేదు కాబట్టి ఇప్పటికి ఆ దారి లేదు. మీ తర్వాతి బ్యాచ్ చెల్లెళ్లకు మాత్రం ఈ సంగతి చెప్పండి, మన ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో చాలామందికి ఇది ఆలస్యంగా తెలుస్తోంది. నా అభిప్రాయం సూటిగా అడిగితే, కాకతీయ క్యాంపస్‌లో సీటు వచ్చి, పైన చెప్పిన పరిశీలనలో సగానికి పైగా మీకు తృప్తి కలిగితే, పేరు కోసం ఉస్మానియాకు వెళ్లవలసిన అవసరం మీకు లేదు.

తెలుగు మాధ్యమం గురించి మీరు నేరుగా అడగకపోయినా, ఉత్తరంలో ఆ జంకు కనిపిస్తోంది. పరీక్ష తెలుగులో రాయనిస్తారా, ప్రశ్నపత్రం ఏ భాషలో ఇస్తారు, తరగతిలో ఎంతవరకు తెలుగులో వివరిస్తారు అన్నవి విభాగంలో స్పష్టంగా అడిగి తెలుసుకోండి. తెలుగులో రాసే వీలుంటే సంకోచించకుండా రాయండి. బాగా అర్థమైన విషయం సొంత భాషలోనే లోతుగా రాయగలుగుతాము. చదవడం మాత్రం రెండు భాషల్లోనూ సాగాలి. మొదటి సెమిస్టర్ నుంచే రోజూ ఒక ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయం చదివి, అందులోని వాదనను తెలుగులో ఐదు వాక్యాల్లో రాసుకుంటూ పోతే, రెండో సంవత్సరానికి ఇంగ్లిష్ పుస్తకం చూసి బెదరడం పోతుంది. హన్మకొండలో 1904 నాటి శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంతో పాటు అటువైపు కూడా ఒకసారి వెళ్లి చూడండి.

మీ అన్నయ్య చెప్పే గ్రూప్-2 మాట కొట్టిపారేయదగింది కాదు. అయితే ఆ పరీక్ష స్వభావం వేరు. అందులో ఉన్నవి నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, అంతా ఆబ్జెక్టివ్. రాజ్యాంగం, పాలన అందులో రెండో పేపర్‌లో ఒక భాగం, నాలుగో పేపర్ మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. ఎం.ఏ. చదివితే ఆ భాగాలు తేలికవుతాయి కాని, ఎం.ఏ. తరగతి కోచింగ్ తరగతి కాదు. గ్రూప్-1 మెయిన్స్ వ్యాసరూపంలో ఉంటుంది కాబట్టి అక్కడ ఎం.ఏ.లో రాసిన రాత ఎక్కువగా ఉపయోగపడుతుంది. పొద్దున కోచింగ్, పేరుకు పీజీ అనే పద్ధతిలో చాలామంది చేరుతున్నారు. మీరు ఆ దారి పట్టవద్దని గట్టిగా చెబుతాను. రాష్ట్ర ప్రభుత్వ ఈపాస్ వెబ్‌సైట్ ద్వారా ఉపకారవేతనం, ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలన్నా 75 శాతం హాజరు చూపించాలి. హాజరు సంగతి పక్కన పెట్టినా, రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు చివరికి ప్రాజెక్టు కొనుక్కుని, కోచింగ్ నోట్సు సగం చదివి బయటపడడం ఏటేటా చూస్తున్నాను. రెండేళ్లు ఎం.ఏ. శ్రద్ధగా చదివి, వేసవి సెలవుల్లో గ్రూప్స్‌లోని అర్థశాస్త్రం, జనరల్ స్టడీస్ పూర్తి చేసుకోవడం సాధ్యమయ్యే పని.

ఎం.ఏ. తర్వాత దారులు చాలానే ఉన్నాయి. అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో రెండు పేపర్లు కలిపి 300 మార్కులు, జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పరిశోధన చేయవచ్చు. జూనియర్ లెక్చరర్ ఉద్యోగాల్లో సివిక్స్ (ఇంటర్‌లో రాజనీతిశాస్త్రానికి ఉన్న పేరు) పోస్టులు ఉంటాయి. బీఈడీ చేసి బడిలో సాంఘికశాస్త్రం చెప్పవచ్చు, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ వైపు వెళ్లవచ్చు, పత్రికారంగం ఉంది. ఏ దారికైనా మూడో సెమిస్టర్‌లో ఉండగానే సిద్ధపడడం మొదలుపెట్టండి.

ఇప్పుడు మీ నాన్నగారి భయం. క్యాంపస్‌లో విద్యార్థి సంఘాలు ఉన్న మాట నిజం. ఏబీవీపీ, ఎస్‌ఎఫ్‌ఐ, పీడీఎస్‌యూ, ఏఐఎస్‌ఎఫ్, ఎన్‌ఎస్‌యూఐ, బీఆర్‌ఎస్‌వీ జెండాలు గేటు దగ్గరే కనబడతాయి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు జరగక దశాబ్దాలు దాటింది కాబట్టి, విద్యార్థుల సమస్యలు ధర్నాల ద్వారానే బయటికి వస్తున్నాయి. ఉపకారవేతన బకాయిల మీద, మెస్ భోజనం మీద, హాస్టల్ గదుల మీద మాట్లాడేది ఆ సంఘాలే. 2009 చివరలో తెలంగాణ కోసం కాకతీయ, ఉస్మానియా విద్యార్థులు రోడ్డెక్కిన తీరు మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. రాజనీతిశాస్త్ర విద్యార్థి దీనికంతటికీ దూరంగా గది తలుపు వేసుకుని కూర్చోవడం నాకు సమ్మతం కాదు. అన్ని సంఘాల సభలకూ వెళ్లి వినండి, వాళ్ల కరపత్రాలు చదవండి, వాదించండి. మొదటి సంవత్సరం మాత్రం ఎవరి సభ్యత్వమూ తీసుకోవద్దు. విభాగాన్ని చూడడానికి వెళ్లిన రోజున ఈ విషయంలో ఒక్కటి గమనించండి. వేర్వేరు సంఘాల విద్యార్థులు ఒకే క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోగలుగుతున్నారా? తరగతిలో అధ్యాపకుడి అభిప్రాయానికి ఎదురు చెప్పిన విద్యార్థికి ఇంటర్నల్ మార్కులు సరిగానే వస్తున్నాయా? ఈ రెండింటికీ అవునన్న సమాధానం వస్తే ఆ క్యాంపస్‌లో రాజకీయం ఉండడం మీ చదువుకు మేలే చేస్తుంది.

హాస్టల్ విషయానికి మీ నాన్నగారిని, వీలైతే అమ్మను కూడా వెంట తీసుకెళ్లి, అమ్మాయిల హాస్టల్‌లో ఉంటున్న సీనియర్లతోనే మాట్లాడించండి. గదికి ఎంతమంది, వేసవిలో నీళ్లు వస్తాయా, సాయంత్రం ఎన్ని గంటల్లోపు లోపలికి రావాలి, గ్రంథాలయం మూసేదాకా అమ్మాయిలు కూర్చోగలుగుతున్నారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. చివరిదానిని తప్పకుండా అడగండి, గ్రంథాలయం రాత్రి దాకా తెరిచి ఉన్నా, హాస్టల్ వేళలు దానికి పొసగకపోతే ఆ సౌకర్యం అబ్బాయిలకే పరిమితమవుతుంది. మెస్ చాలాచోట్ల డివైడింగ్ పద్ధతిలో, అంటే నెల ఖర్చును విద్యార్థులందరికీ పంచే పద్ధతిలో నడుస్తుంది, కాబట్టి కిందటి నెల ఎంత పడిందో కనుక్కుంటే ఖర్చు అంచనా తెలుస్తుంది. వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం ప్రకారం ప్రతి విశ్వవిద్యాలయంలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు హాస్టల్‌లో గోడ మీద ఉన్నాయా అని చూడండి. ర్యాగింగ్ జరిగితే 1800-180-5522 నంబరుకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. హాస్టల్ దొరకకపోతే భీమారం, నయీంనగర్ వైపు గదులు తీసుకుని నలుగురైదుగురు అమ్మాయిలు కలిసి ఉంటున్నారు. ఇంటి యజమానితో మాట్లాడి, అద్దె కాగితం రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

వెబ్ ఆప్షన్లు, అంటే ఆన్‌లైన్‌లో కళాశాలల ఎంపికలు, పెట్టే ముందు ఇంకొక్క విషయం సరిచూసుకోండి. కాకతీయలో సీటు వచ్చిందన్న మాటకు అర్థాలు వేరువేరుగా ఉంటాయి. క్యాంపస్‌లోని విభాగంలో వచ్చిన సీటు, విశ్వవిద్యాలయానికి చెందిన మరో కళాశాలలో వచ్చిన సీటు, అనుబంధ ప్రైవేటు కళాశాలలో వచ్చిన సీటు, ఇవన్నీ ఒకే విశ్వవిద్యాలయం డిగ్రీనే ఇస్తాయి కాని, అధ్యాపకులు, గ్రంథాలయం, హాస్టల్ మాత్రం ఒకటి కావు. రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్స్ సీటా అన్నదాన్ని బట్టి ఫీజు, మీకు తిరిగి వచ్చే మొత్తం మారుతాయి. కాబట్టి కళాశాల పేరు, కోర్సు రకం, ఫీజు మూడూ పక్కపక్కన కాగితం మీద రాసుకుని, క్యాంపస్ విభాగాన్ని మొదటి ఆప్షన్‌గా, దాని వెనుక మీరు వెళ్లి చూసి తృప్తి పడ్డ కళాశాలలను మాత్రమే పెట్టండి. చూడని కళాశాలను సంఖ్య కోసం చేర్చవద్దు. మొదటి విడతలో కోరుకున్నది రాకపోతే రెండో విడత దాకా ఆగండి. ఈలోగా డిగ్రీ మార్కుల మెమోలు, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు సిద్ధంగా ఉంచుకోండి, ఆదాయం సర్టిఫికెట్ పాతదైతే మీసేవలో ఇప్పుడే కొత్తదానికి దరఖాస్తు పెట్టండి.